వేళకు పైపు – కిడ్నీకి కాపు

(ఈ నెల ఆరోగ్య పాఠం: మన మూత్రాన్ని మనమే పైపుతో తీసుకోవడం)



నలుగురిలో మాట్లాడటానికి మనం సిగ్గుపడే ఒక సంగతిని ఈ నెల పాఠంగా తీసుకున్నాం. కొందరికి మూత్రం తనంతట తాను రాదు. కొందరికి వచ్చినా సంచి పూర్తిగా ఖాళీ కాదు. అలాంటివారు రోజుకు కొన్నిసార్లు సన్నని పైపు పెట్టుకుని, మూత్రం తీసుకుని, వెంటనే ఆ పైపు తీసేయవచ్చు. దీన్ని డాక్టర్లు చీటీలో సి.ఐ.సి. అని రాస్తారు. క్లీన్ ఇంటర్మిటెంట్ క్యాథటరైజేషన్ అన్నమాట. విడతలు విడతలుగా, శుభ్రంగా మూత్రం తీయడం అని దాని అర్థం. మీ ఇంట్లో ఎవరికీ ఈ అవసరం లేకపోయినా ఒకసారి చదవండి. మీ వీధిలో ఎవరికో ఉండవచ్చు. వాళ్లు నోరు తెరిచి చెప్పరు.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం

కొన్నేళ్ల క్రితం తాటిచెట్టు మీది నుంచి పడిన ఒక గీత కార్మికుడు మా వార్డులో చేరాడు. నడుము దగ్గర వెన్నెముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కాళ్లలో కొద్దికొద్దిగా కదలిక వచ్చింది గాని మూత్రం మాత్రం రాలేదు. ఎప్పుడూ లోపలే ఉండే పైపు వేసి, మంచం పక్కన యూరిన్ బ్యాగు కట్టాం. ఒక ఉదయం రౌండ్స్‌లో అతను నన్ను ఆపాడు.

"అమ్మా, కర్ర పట్టుకునైనా నడుస్తానేమో. ఈ సంచి పట్టుకుని ఊళ్లోకి ఎట్లా పోవాలె?"

"సంచి అక్కర్లేదు బాబూ, నీ మూత్రం నువ్వే తీసుకోవడం నేర్పిస్తాను" అన్నాను. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య మాత్రం అడిగింది. "సిస్టరమ్మా, అది మీరు గ్లౌజులు వేసుకుని చేసే పని గదా. ఆయన ఉత్తచేతులతో చేస్తే లోపల చీము పట్టదా?"

చాలా మంచి ప్రశ్న. ఒకప్పుడు నాకూ ఇదే భయం ఉండేది. నేను నర్సింగ్ డిప్లమో చదివిన రోజుల్లో క్యాథటర్ వేయాలంటే స్టెరైల్ ట్రే, ఫోర్సెప్స్, గ్లౌజులు, మందునీళ్లు అన్నీ ఉండాలని నేర్పారు. ఆసుపత్రి వార్డులో ఇప్పటికీ నర్సులు అలాగే చేయాలి. ఎందుకంటే అక్కడ ఒక రోగి నుంచి మరో రోగికి మొండి క్రిములు అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఇంటి దగ్గర ఎవరి పైపు వారే వాడుకునేటప్పుడు సంగతి వేరు. అది అర్థం కావాలంటే ముందు మూత్రాశయం గురించి తెలుసుకోవాలి.

మూత్రాశయం ఎలా పనిచేస్తుంది?

కిడ్నీలు రెండూ రాత్రింబగళ్లు మూత్రాన్ని తయారుచేసి, చుక్కచుక్కగా మూత్రాశయంలోకి పంపుతాయి. మూత్రాశయం కండరంతో చేసిన సంచి. పెద్దవాళ్లలో 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. అంటే అరలీటరు నీళ్ల సీసా అన్నమాట. నిండగానే వెన్నుపాము ద్వారా మెదడుకు కబురు వెళుతుంది. మనం కూర్చోగానే సంచి ముడుచుకుంటుంది, కింద ఉన్న బిగింపు కండరం వదులవుతుంది.

ఈ కబురు తెగిపోయినా, సంచి బలం తగ్గినా మూత్రం నిలిచిపోతుంది. వెన్నెముక దెబ్బలు, పుట్టుకతో వెన్నులో లోపం ఉన్న పిల్లలు, చాలా ఏళ్లుగా అదుపులో లేని షుగరు, కొన్ని ఆపరేషన్లు ఇందుకు ముఖ్య కారణాలు. ప్రోస్టేట్ పెరిగిన కొందరు మగవారికి కూడా డాక్టరు ఈ పద్ధతి చెప్పవచ్చు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "చుక్కలు చుక్కలుగా పోతూనే ఉంది కదా, ఆగిపోలేదు" అనుకుంటారు. నిండిన కుండ పొర్లినట్టు, నిండిపోయిన సంచి కూడా పొర్లుతుంది. బట్టలు తడుస్తున్నాయంటే సంచి ఖాళీ అయిందని కాదు. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నితే కిడ్నీలు నొప్పి లేకుండానే పాడవుతాయి. ఒకప్పుడు వెన్నెముక దెబ్బ తగిలినవారిని ఎక్కువగా బలిగొన్నవి ఈ కిడ్నీ జబ్బులే.

ఉత్తచేతులతో చేస్తే చీము పట్టదా?

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నెముక గాయాల విభాగం మొదలైంది. అక్కడ డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, పైపును లోపలే వదిలేయకుండా విడతలుగా పెట్టి తీసే పద్ధతిని నడిపించారు. అయితే అది పూర్తిగా స్టెరైల్‌గా, ఆసుపత్రి సిబ్బంది చేతుల మీదుగా జరిగేది. 1972లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ జాక్ లాపిడెస్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన పైపు చాలు, రోగి తానే చేసుకోవచ్చు అని ప్రకటించింది. ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదు. నేడు ప్రపంచమంతటా ఇదే పద్ధతి.

ఆయన చెప్పిన కారణం సులువైనది. సంచి విపరీతంగా సాగితే దాని గోడకు రక్త ప్రసారం తగ్గుతుంది. రక్తం అందని గోడ క్రిములతో పోరాడలేదు. నిలవ మూత్రంలో క్రిములు పెరుగుతాయి. అదే సంచిని వేళకు ఖాళీ చేస్తే, ఒకటి రెండు క్రిములు లోపలికి పోయినా మూత్రంతో పాటే బయటికి వచ్చేస్తాయి. మిగిలినవాటి సంగతి శరీరం చూసుకుంటుంది.

కాబట్టి ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఇది: శుభ్రత అవసరం, కాని వేళ తప్పకపోవడం అంతకంటే అవసరం. చేతులు కడుక్కోవడానికి సబ్బు దొరకలేదని మూత్రం తీయడం మానకండి. ఉన్న మంచినీళ్లతో బాగా కడుక్కుని వేళకు తీయండి.

ఎప్పుడూ లోపలే ఉండే పైపుతో ఇన్ఫెక్షన్లు, సంచిలో రాళ్లు, మూత్రనాళంలో పుండ్లు ఎక్కువగా వస్తాయి. అందుకే చేతులు పనిచేసేవారికి విడతల పద్ధతే మేలు. చేతులు పనిచేయనివారికి ఇంట్లోవారు నేర్చుకుని చేయవచ్చు.

కావలసిన సరంజామా

1. పైపు. మెడికల్ షాపులో నెలటాన్ క్యాథటర్ అని అడగాలి. పెద్దవారికి సాధారణంగా 12 లేదా 14 నంబరు, పిల్లలకు ఇంకా సన్నవి. మీ నంబరు డాక్టరు రాసి ఇస్తారు. పుట్టుకతో వెన్నులో లోపం ఉన్న పిల్లలకు రబ్బరు (లేటెక్స్) పైపులు, గ్లౌజులు వాడకండి. అలర్జీ రావచ్చు.
2. నీటిలో కరిగే జెల్లీ. కొబ్బరి నూనె, వ్యాజిలిన్ వాడకూడదు. అవి నీటిలో కరగవు, లోపల పేరుకుంటాయి.
3. సబ్బు, నీళ్లు, ఉతికి ఎండబెట్టిన మెత్తని గుడ్డ.
4. కొలత గీతలున్న మగ్గు.
5. ఒక నోట్‌బుక్, గడియారం.
6. ఆడవారికి మొదట్లో చిన్న అద్దం.

చేసే విధానం

మొదటిసారి తప్పకుండా నర్సు పక్కన ఉండగా చేయండి. ఈ పాఠం చదివి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టవద్దు. నేర్చుకున్నది మరిచిపోకుండా ఉండటానికే ఇది.

అందరికీ: మొదట మీ అంతట మీకు వచ్చేంత మూత్రం పోయండి. చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. కూర్చుని గాని, పడుకుని గాని, నిలబడి గాని, మీకు వీలైనట్టు ఉండండి. ఆ చోటును సబ్బునీళ్లతో కడగండి. ఆడవారు ముందు నుంచి వెనక్కే తుడవాలి. డెట్టాల్ వంటి మందులు అక్కడ పోయవద్దు, చర్మం మండుతుంది. పైపు కొసకు జెల్లీ రాయండి. లోపలికి వెళ్లే కొసను ఎక్కడా ఆనించకండి. రెండో కొసను మగ్గులో ఉంచండి.

మగవారికి: ముందు చర్మాన్ని వెనక్కి లాగి కడగాలి. అంగాన్ని పైకెత్తి పట్టుకుంటే లోపలి దారి తిన్నగా అవుతుంది. పైపుకు జెల్లీ ధారాళంగా రాసి మెల్లగా తోయండి. మగవారి దారి సుమారు 20 సెంటీమీటర్లు. దాదాపు చివరికి వచ్చాక బిగింపు కండరం దగ్గర కొంచెం అడ్డు తగులుతుంది. అక్కడ ఆగి, ఊపిరి గట్టిగా తీసి మెల్లగా వదులుతూ నిదానంగా తోస్తే వెళుతుంది. మూత్రం రావడం మొదలయ్యాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపండి. అంతా అయ్యాక ముందు చర్మాన్ని తిరిగి ముందుకు లాగడం మరవకండి. మరిచిపోతే అక్కడ వాచిపోతుంది.

ఆడవారికి: దారి కేవలం 4 సెంటీమీటర్లే. కష్టమల్లా రంధ్రాన్ని గుర్తించడంలో ఉంది. మొదట అద్దంలో చూసుకోండి. యోనికి పైన చిన్న గుంటలాగా ఉంటుంది. నాలుగైదు రోజుల్లో అద్దం లేకుండా వేలితోనే గుర్తుపట్టగలరు. మూత్రం వచ్చాక ఇంకో రెండు సెంటీమీటర్లు పంపండి. పైపు పొరపాటున యోనిలోకి వెళితే కంగారు పడవద్దు. దాన్ని అక్కడే గుర్తుగా ఉంచి, మరో శుభ్రమైన పైపుతో దానికి పైన ప్రయత్నించండి. తరువాత రెండూ తీసేయండి.

చివరగా: మూత్రం ఆగిపోగానే పైపును ఒక్కసారిగా లాగకండి. కొద్దికొద్దిగా తీయండి. మధ్యలో మళ్లీ వస్తే ఆగండి. అడుగున మిగిలినది కూడా రావాలి. పైపు పూర్తిగా తీసేటప్పుడు రెండో కొసను వేలితో మూస్తే బట్టల మీద పడదు. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకోండి.

ఎన్నిసార్లు? ఎంతెంత?

తమంతట తాము మూత్రం పోయలేనివారు రోజుకు 4 నుంచి 6 సార్లు తీసుకోవాలి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 – ఇలా పెట్టుకుంటే ఇంటి పనులతో కలిసిపోతుంది. కొంత మూత్రం తామే పోయగలిగినవారికి ఎన్నిసార్లో డాక్టరు చెబుతారు.

పెద్దవారికి ఒక విడతలో 400 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోండి. 500 దాటుతుంటే వేళలు దగ్గర చేసుకోవాలి, అంటే ఇంకోసారి పెంచాలి. షుగరు వల్ల స్పర్శ పోయినవారికి సంచి నిండినట్టు తెలియదు. వారు కడుపు చెప్పే మాట కాక గడియారం చెప్పే మాట వినాలి.

రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగండి. పగలంతా కొంచెం కొంచెంగా తాగి, రాత్రి భోజనం తరువాత తగ్గించండి. మూత్రం తక్కువ వస్తుందని నీళ్లు మానేయడం తప్పు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఎండలో పనిచేసేవారు ఎంత తాగాలో డాక్టరును అడగండి.

పైపు శుభ్రం చేయడం

ప్రతిసారీ కొత్త పైపు వాడటం అన్నిటికంటే మంచిది. ప్యాకెట్టు మీద కూడా ఒక్కసారికే అని రాసి ఉంటుంది. రోజుకు ఐదు కొనడం అందరివల్లా కాదని మాకు తెలుసు. అలాంటివారు డాక్టరుతో మాట్లాడి, ఎన్ని రోజులు వాడవచ్చో అడిగి, ఈ విధంగా చేయండి. వాడిన వెంటనే సబ్బునీళ్లతో లోపలా బయటా కడగాలి. మంచినీళ్లు లోపలి నుంచి ధారగా పోయాలి. దులిపి, దుమ్ము పడని చోట పూర్తిగా ఆరబెట్టాలి. ఆరాక మూత ఉన్న పొడి డబ్బాలో పెట్టాలి. తడి పైపును ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడితే క్రిములు పెరుగుతాయి. గట్టిపడినా, గరుకెక్కినా, పగిలినా, వాసన వచ్చినా పారేయండి. ఒకరి పైపు మరొకరు ఎప్పుడూ వాడకూడదు.

వేళ తప్పితే ఏమవుతుంది?

షుగరు వల్ల మూత్రం నిలిచిపోయే ఒక పెద్దావిడ ఈ పద్ధతి చక్కగా నేర్చుకున్నారు. శుభ్రతలో మా నర్సులకే పాఠం చెప్పేంత జాగ్రత్త. ఒకసారి కూతురి ఇంటికి వెళ్లారు. ఇంట్లో ఒక్కటే బాత్రూము. అల్లుడి ముందు మాటిమాటికి డబ్బా పట్టుకుని వెళ్లడానికి మొహమాటపడి, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి అందరూ పడుకున్నాక ఒకసారి తీసుకున్నారు. నీళ్లు తాగడం కూడా తగ్గించారు. రెండు వారాలు తిరగకముందే చలిజ్వరంతో మా దగ్గరికి తెచ్చారు. క్రియాటినిన్ పెరిగింది. ఆవిడ కోలుకున్నారు గాని పెరిగిన క్రియాటినిన్ పూర్తిగా పాత లెక్కకు రాలేదు.

అల్లుడు నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. "మేడం, అత్తమ్మ ఒక్కమాట చెబితే మేమే బయట కూర్చునేవాళ్లం గదా" అన్నాడు. ఆవిడ పైపు శుభ్రంగానే ఉంది. ఆమెకు హాని చేసింది మొహమాటం.

సందేహాలు – సమాధానాలు

*పైపు లోపలికి వెళ్లడం లేదు, ఏం చేయాలి?* బలం ఉపయోగించవద్దు. ఆగి, ఊపిరి పీల్చి వదలండి, ఒకసారి దగ్గండి. ఐదు పది నిమిషాల తరువాత మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ వెళ్లక, సంచి నిండి ఉంటే ఆసుపత్రికి రండి. మర్నాటి దాకా ఆగవద్దు.

*ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించింది.* మొదటి రోజుల్లో జరగవచ్చు. జెల్లీ సరిపోయిందో లేదో చూసుకోండి. రక్తం ఎక్కువైనా, గడ్డలుగా వచ్చినా, రోజూ వస్తున్నా చూపించుకోండి.

*మూత్ర పరీక్షలో క్రిములు ఉన్నాయన్నారు, మందులు వాడాలా?* ఈ పద్ధతిలో ఉన్న చాలామందికి పరీక్షలో క్రిములు కనిపిస్తాయి. జ్వరం, నొప్పి వంటి బాధలు లేకపోతే సాధారణంగా మందులు అవసరం లేదు. అనవసరంగా యాంటీబయాటిక్ మింగితే, నిజంగా కావలసినప్పుడు అది పనిచేయదు. గర్భిణులు మాత్రం తప్పక డాక్టరుకు చెప్పాలి.

*పిల్లలు చేసుకోగలరా?* ఆరేడేళ్ల నుంచి చాలామంది పిల్లలు పెద్దల సాయంతో నేర్చుకుంటారు. అంతవరకు తల్లి గాని తండ్రి గాని చేయాలి. బడిలో ఒక టీచరమ్మకు సంగతి చెప్పి ఉంచండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

- చలితో జ్వరం, నడుము పక్కల నొప్పి
- మూత్రం చిక్కగా, దుర్వాసనతో ఉండి దానితోపాటు ఒంట్లో బాగుండకపోవడం
- పైపు వెళ్లకపోవడం, మూత్రం అసలు రాకపోవడం
- వృషణాల్లో వాపు, నొప్పి
- రక్తపు గడ్డలు

ఛాతీ మధ్యకు గాని అంతకు పైన గాని వెన్నుపాముకు దెబ్బ తగిలినవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు పట్టడం జరిగితే బి.పి. ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. నిండిన సంచే తరచుగా దానికి కారణం. వెంటనే వారిని కూర్చోబెట్టి మూత్రం తీయండి. తగ్గకపోతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

బాధలేమీ లేకపోయినా సంవత్సరానికి ఒకసారైనా కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. కిడ్నీ తన కష్టం చివరిదాకా చెప్పదు.

ఇంట్లోవారికి, సంఘంలోని వారికి ఒక మాట

మీ ఇంట్లో ఈ పద్ధతిలో ఉన్నవారికి కావలసింది మూడు: తలుపుకు గడియ, చేతికి అందే నీళ్లు, పది నిమిషాల సమయం. "మళ్లీ ఇప్పుడేనా?" అనే మాట వారి ముందు రానీయకండి. ప్రయాణంలో బస్సు ఆగినప్పుడు "వెళ్లొస్తారా?" అని మీరే అడగండి. పెళ్లికి, ఆరాధనకు పిలిచినప్పుడు బాత్రూము ఎక్కడుందో ముందుగా చూపించండి. వాసన వస్తుందేమో, తడుస్తుందేమో అనే భయంతో ఎంతోమంది గుడికి, చర్చికి, చుట్టాల ఇంటికి వెళ్లడం మానుకుని నాలుగు గోడల మధ్య ఉండిపోతున్నారు.

ఆ గీత కార్మికుడి సంగతి

మొదటి రోజు అతని చేతులు వణికాయి. రెండో రోజు పైపు కింద పడేశాడు. మూడో రోజు మూత్రం మగ్గులో పడిన చప్పుడు విని తానే నవ్వాడు. వారం రోజులకు నేను పక్కన నిలబడవలసిన అవసరం లేకపోయింది. మూడు నెలల తరువాత చెకప్‌కు వచ్చినప్పుడు నోట్‌బుక్ చూపించాడు. వేళలు, కొలతలు అన్నీ అతని కూతురు గీతలు గీసి రాసింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. స్కానింగ్‌లో కిడ్నీలు రెండూ బాగున్నాయి.

అతని భార్యను అడిగాను, "ఏమ్మా, చీము పట్టిందా?" అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేదు సిస్టరమ్మా. ఇప్పుడు గడియారం చూసి నేనే లేపుతున్న" అంది. అతను మళ్లీ చెట్టు ఎక్కలేడు. ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. సంచి లేకుండా ఊళ్లో తిరుగుతున్నాడు.

నేర్చుకున్నది సరిచూసుకుందాం

1. బట్టలు తడుస్తుంటే సంచి ఖాళీ అయినట్టేనా?
2. ఒక విడతలో 500 మిల్లీలీటర్లు దాటితే ఏం చేయాలి?
3. కొబ్బరి నూనె ఎందుకు వాడకూడదు?
4. పైపు వెళ్లకపోతే బలంగా తోయవచ్చా?
5. శుభ్రత, వేళ – రెండింటిలో దేనిని అస్సలు తప్పకూడదు?

జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. ఇంట్లోవారితో కలిసి చదివి చెప్పుకోండి. ఇంకా సందేహం ఉంటే ఔట్ పేషెంట్ విభాగంలో ఏ సిస్టరునైనా అడగండి. సిగ్గుపడకండి. మేము రోజూ చూసే సంగతే, రోజూ నేర్పే పనే.